సైతాను పేరున్న పుట్టగొడుగు



వానలు పడగానే చెదపుట్టల మీద తెల్లగా విచ్చుకునే పుట్టగొడుగులు మనకు తెలిసినవే. తిరగేసి చూస్తే అడుగున పుస్తకంలో కాగితాల్లా సన్నని రేకులుంటాయి. ఈవేళ చెప్పబోయేదానికి ఆ రేకులే ఉండవు. గొడుగు అడుగంతా స్పాంజిముక్కలా చిన్నచిన్న బెజ్జాలు! ఈ తరహా వాటిని బొలీటులంటారు.

వాటిలో ఐరోపాలో పెరిగే ఒకదానికి సైతాను బొలీటు అని పేరు. 1831లో హరాల్డ్ లెంజ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు పెట్టాడు. తిన్నవాళ్ల అవస్థలు ఆయన విన్నాడు సరే, దాన్ని పరీక్షిస్తూ కూర్చుంటే ఆ గాలికే ఆయనకు ఒంట్లో నలత చేసిందట. 2014లో శాస్త్రజ్ఞులు దాని ఇంటిపేరు మార్చి రుబ్రోబొలీటస్ అన్నారు. పెళ్లయిన ఆడపిల్లలాగా ఇంటిపేరు మారింది గాని, సటానాస్ అన్న సొంతపేరు అలాగే ఉండిపోయింది పాపం.

చూడ్డానికి మహా ఠీవిగా ఉంటుంది. సుద్దలాంటి తెల్లని టోపీ, ఒక్కోసారి అడుగు వెడల్పు కూడా ఉంటుంది. కుండలా ఉబ్బిన కాడ. అడుగున బెజ్జాలు నెత్తురెరుపు. కోస్తే లోపలి గుజ్జు నీలం తిరుగుతుంది. ముదిరితే ఒకటే కుళ్లు కంపు.

దీనికి సున్నపు నేల కావాలి, వెచ్చదనం కావాలి, ఓకు, బీచి వంటి చెట్ల వేళ్లతో పొత్తు కావాలి. చెట్టు దీనికి చక్కెర ఇస్తుంది, ఇది చెట్టుకు నీరూ లవణాలూ అందిస్తుంది. అందుకే కుండీలో పెంచుదామంటే కుదరదు, చెట్టు కొట్టేస్తే దీని అన్నం పోయినట్టే. దక్షిణ ఐరోపాలో కనిపిస్తుంది గాని ఉత్తరానికి పోయేకొద్దీ అరుదు. ఇంగ్లండులో దక్షిణాన సుద్దనేలల్లో ఏ కొద్దిచోట్లో ఉంది.

తింటే విపరీతంగా వాంతులు, విరేచనాలు. ప్రాణం పోవడం మాత్రం అరుదే. ఆ మాటకొస్తే సైతాను పేరు దీనికి పెట్టవలసింది కాదనిపిస్తుంది నాకు. డెత్ క్యాప్ అని మరొకటుంది. కోసినా రంగు మారదు, రుచికీ బాగానే ఉంటుందట. తిన్నాక ఆరు గంటలకో, పన్నెండు గంటలకో గాని బాధ మొదలుకాదు. వాంతులు తగ్గి "హమ్మయ్య" అనుకునే వేళకు లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది.

కోస్తే నీలమయ్యేదే విషమనీ, వెండి చెంచా నల్లబడితేనే విషమనీ అంటారు చూశారా, రెండూ తప్పే. నీలం తిరిగే బే బొలీటును ఐరోపాలో శుభ్రంగా వండుకు తింటారు. మీ పిల్లలు ఆ దేశాల్లో ఉండి, సరదాకి అడవికి పుట్టగొడుగులు ఏరడానికి పోతుంటే ఉత్తరంలోనో ఫోనులోనో ఈ సంగతి చెప్పండి. ఎవరైనా పొరపాటున తింటే, తేరుకున్నట్టు కనిపించినా సరే, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మిగిలిన ముక్క పారెయ్యకుండా వెంట పట్టుకెళితే డాక్టరుగారికి అది ఏ రకమో తేల్చుకోవడం సులువవుతుంది.