యంత్రమునకు మూత – పనివానికి రక్ష

కామారెడ్డి పేరు చెప్పగనే పలువురకు బెల్లము జ్ఞప్తికి వచ్చును. ఎల్లారెడ్డి పేరు చెప్పగనే పోచారము నీటితో పండు వరిమళ్లు కన్నులకు కట్టును. పోచారము ఆనకట్ట 1922 నాటికి పూర్తియైనది. 1923లో మంజీర నదిపై మొదలైన నిజాంసాగరు నిర్మాణము 1931లో ముగిసినది. ఆ నీరు అందిన మేర కాలువ సేద్యము, అందని మెరక భూములలో బోరుబావుల సేద్యము. ఇది ఈ సీమ వ్యవసాయపు తీరు. 2016 అక్టోబరు 11వ తేదీన నిజామాబాదు నుండి వేరుపడి కామారెడ్డి ప్రత్యేక జిల్లా అయినది.

ఒకప్పుడు ఈ పొలములలో మనిషికి హాని చేయగలవి కొడవలి, నాగటి కర్రు, మోటత్రాడు, ఎద్దు కొమ్ము. వాని వేగము మనిషి వేగమునకు చాల మించినది కాదు. ప్రమాదము కంటబడిన పిమ్మట చేయి వెనుకకు తీసికొనుటకు కొంత వ్యవధి ఉండెడిది. నేడు మన చుట్టును తిరుగుచున్నవి ట్రాక్టరు, రోటవేటరు, మొక్కజొన్న నూర్పిడి యంత్రము, మోటారుతో నడచు చెరకు గానుగ. ఇవి మన కంటె వేగము గలవి, మన వలె అలసట లేనివి. పట్టుకొన్న దానిని విడువవలెనని వానికి తోచదు. కనుక వాని విషయమున మనమే ముందుగా ఆలోచింపవలెను.

మన రైతులకును, పల్లె కమ్మరులకును, వెల్డింగు దుకాణములవారికిని యంత్రమును స్వంత బుద్ధితో సవరించుకొను నేర్పునకు కొరత లేదు. అయితే ఈ సవరణలు రెండు తెరగులు. పని త్వరపడవలెనని మూతను ఊడదీయుట ఒకటి. పనివాడు క్షేమముగా ఇల్లు చేరవలెనని మూతను అమర్చుట రెండవది. మొదటిది పావుగంట మిగుల్చును. రెండవది చేతిని మిగుల్చును. నేటి ప్రసంగమున ఈ రెండవ తెరగు పనులను గూర్చి ముచ్చటించుకొందము.

ట్రాక్టరు వెనుక నుండి రోటవేటరునకో, నూర్పిడి యంత్రమునకో శక్తిని అందించు ఇరుసును పి.టి.ఓ. షాఫ్టు అందురు. అది సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకండునకు 9 చుట్లు తిరుగును. దాని మందము 6 సెంటీమీటర్లని అనుకొనిన, చుట్టుకొలత సుమారు 19 సెంటీమీటర్లగును. తొమ్మిది చుట్లకు 1 మీటరు 70 సెంటీమీటర్ల బట్టను అది తనకు చుట్టుకొనగలదు. చీర కొంగు గాని, ధోవతి అంచు గాని, మెడలోని తువ్వాల గాని దానికి చిక్కినచో "అయ్యో" అను మాట నోటినుండి వెలువడు లోపలనే జరుగవలసినది జరిగిపోవును. ట్రాక్టరుపై నున్నవాడు వెనుకకు తిరిగి చూచి ఆపుటకు వ్యవధి చాలదు.

కావున మొదటి పని ఇది. యంత్రముతో వచ్చిన ప్లాస్టికు గొట్టపు మూత పగిలియుండిన, క్రొత్తది కొని తొడుగవలెను. దానికున్న చిన్న గొలుసును తప్పక తగిలింపవలెను. ఇరుసుతో పాటు మూత తిరుగకుండ పట్టియుంచునది ఆ గొలుసే. తిరుగుచున్న ఇరుసును దాటుట, దానిపై వంగుట కూడదు. తువ్వాల నడుమునకు కాక, మెడకు కాక, దూరముగా చెట్టుకొమ్మకు వ్రేలాడదీయవలెను.

బెల్టులకును, పండ్ల చక్రములకును మూతను ఇంటి వద్దనే చేసికొనవచ్చును. ఒకసారి మేము ఒక చెరకు గానుగ వద్దకు పోయితిమి. బెల్టునకు మూత లేదు. విచారింపగా ఆ జాలి మూత గోడకు చేరవేయబడి కోడిపిల్లలకు గూడుగా ఉన్నది. గానుగవాడు నవ్వుచు, "గ్రీజు పెట్టెటప్పుడు తీసినం సారూ, మళ్ల బిగించుడు కుదరలేదు" అని చెప్పెను. అతనిది నిర్లక్ష్యమని తేలికగా అనవచ్చును. కాని ఆ మూతకు ఆరు బోల్టులున్నవి. గ్రీజు పెట్టిన ప్రతిసారియు ఆరు బోల్టులు విప్పి మరల బిగించుటకు గానుగ ఆడు దినములలో ఎవరికి తీరిక? తప్పు మనిషిలో కొంత, మూతలో కొంత.

కనుక మూత చేయించునపుడు ఒక ప్రక్క తలుపు బందులు రెండు, రెండవ ప్రక్క ఒక గడియ పెట్టించుడు. కోణపు ఇనుముతో చట్రము, దానికి వ్రేలు దూరని సన్నని జాలి. చట్రము బెల్టునకు జానెడు ఎడముగా ఉండవలెను. గ్రీజు పెట్టువానికి తలుపు తీసినంత సులువు, మూసినంత సులువు. తీయుటకు కష్టమైన మూత ఒకసారి తీసిన పిమ్మట మరల ఎక్కదు. ఈ చిన్న సత్యమును మన వెల్డింగు సోదరులు గుర్తుంచుకొనిన చాల చేతులు దక్కును.

నూర్పిడి యంత్రపు నోరు మరియొక ప్రమాద స్థానము. ఈ యంత్రముల వలన అవయవములు పోగొట్టుకొనినవారు అధికమగుటచే 1983లో మన దేశమున ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టము చేయబడినది. పంటను లోనికి త్రోయు రేకు దోనె పొడవు 90 సెంటీమీటర్లకు తగ్గరాదనియు, అందు యంత్రము వైపు 45 సెంటీమీటర్లు పైన కప్పు ఉండవలెననియు ప్రమాణము కలదు. దీని మర్మము సులభము. మన చేయి భుజము మొదలు వ్రేలికొన వరకు సుమారు 70 సెంటీమీటర్లు. దోనె అంతకంటె పొడవుగా ఉండి, సగము మేర కప్పియున్నచో, నిలుచున్నవాని చేయి లోపలి పండ్లకు అందదు.

ఇంటి వద్ద కొలబద్దతో కొలిచి చూడుడు. దోనె పొట్టిగా నున్నచో ముందుకు రేకు అతికించి పొడిగింపవచ్చును. పని చేయువాడు నిలుచుటకు ఎగుడుదిగుడు లేని దిమ్మె ఒకటి వేయుడు. కాలు జారినవాడు మొదట చేయి ముందుకు చాచును గదా! చెరకు గానుగకును ఇదియే సూత్రము. చివరి ముక్కను చేతితో త్రోయరాదు, వెనుక వచ్చు చెరకుతోనే త్రోయవలెను. మోటారును ఆపు మీట గానుగ పెట్టువాని చేతికి అందునట్లు ఉండవలెను గాని గది లోపల మూలన కాదు.

ఇక బురదలో దిగబడిన ట్రాక్టరు సంగతి. దమ్ము చేయునపుడు వెనుక చక్రములు కూరుకొనిపోయినచో వానికి దుంగను అడ్డముగా కట్టి బండిని ముందుకు నడుపు వాడుక మన ప్రాంతముల గలదు. దీనికంటె అపాయకరమైన ఉపాయము లేదు. చక్రము తిరుగకుండ పట్టుబడినప్పుడు ఇంజను బలము ఊరకుండదు. అది చక్రమునకు మారుగా బండినే ఇరుసు చుట్టును పైకి లేపును. ముందరి చక్రములు ఆకాశమునకు లేచి, రెండు మూడు సెకండ్లలో ట్రాక్టరు వెనుకకు బోర్లపడి నడుపువానిని అదిమివేయును. దిగబడిన బండిని వెనుకకు నడిపి చూడుడు. కదలనిచో చక్రముల ముందు మట్టి త్రవ్వుడు. అదియు కాకున్న మరియొక ట్రాక్టరుతో లాగింపుడు. లాగు గొలుసును ఎప్పుడును క్రింది కొక్కెమునకే తగిలింపవలెను గాని ఇరుసునకు గాని, దానికి పైన గాని కట్టరాదు.

ఇచ్చట ఇంటి పనికి ఒక హద్దును చెప్పవలెను. బోర్లపడినపుడు నడుపువానిని కాపాడు ఇనుప కమాను ట్రాక్టరునకు ఉండుట చాల మంచిది. కాని దానిని ఇంటి వద్ద గొట్టములతో అతికించుకొనరాదు. బండి బరువు మీద పడినప్పుడు అది నిలుచునో విరుగునో పరీక్ష చేసిన కర్మాగారమునకే తెలియును. ఆ వస్తువును కొనుటయే మేలు, నడుపువాడు పట్టీ కట్టుకొనుటయు అవసరము.

కామారెడ్డి మీదుగా 44వ సంఖ్య గల జాతీయ రహదారి పోవుచున్నది. చెరకు నింపిన ట్రాలీ చీకటిలో ఆ దారి నెక్కినపుడు వెనుక వచ్చు వాహనమునకు అది కనబడవలెను. మెరయు పట్టీలను వెనుక ఎఱ్ఱనివి, ముందు తెల్లనివి అంటించుట అరగంట పని. బురద పట్టిన పట్టీ మెరయదు గనుక బయలుదేరు ముందు తడిగుడ్డతో తుడువవలెను. ట్రాలీ కొక్కెపు సీలకు జారిపోని క్లిప్పు పెట్టుట మరువరాదు.

విద్యుత్తు విషయము మిక్కిలి ముఖ్యము. మోటారు వద్ద సరియైన ఎర్తు లేని బోరుబావి, మూత లేని బావి వంటిదే. రెండున్నర మీటర్ల పొడవు గల జింకుపూత ఇనుప గొట్టమును భూమిలోనికి నిలువుగా దించి, దాని చుట్టును బొగ్గును ఉప్పును పొరలుగా నింపి, వేసవిలో నీరు పోయుచుండవలెను. దాని నుండి మోటారు కప్పునకును, స్టార్టరు డబ్బాకును వేరువేరుగా తీగలు కలుపవలెను. పని ముగిసిన పిమ్మట లైనుమనిషిచే ఒకసారి పరీక్ష చేయించుడు. ఫ్యూజు పోయినచోట దళసరి తీగ చుట్టుట కావలివానిని నిద్రపుచ్చుటయే. ట్రాన్సుఫార్మరు గద్దెను ఎక్కుట మాత్రము రైతు పని ఎంతమాత్రమును కాదు. 1912 నంబరునకు ఫోను చేసి, లైనుమనిషి వచ్చువరకు వేచియుండుడు. ఎండిన మడి మరుసటి పంటకు పచ్చబడును. పోయిన మనిషి రాడు.

కరెంటు వేళలు కోతబడిన దినములలో ఆటోస్టార్టరు వాడుక వచ్చినది. 2018 జనవరి 1వ తేదీ నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైన పిమ్మట దాని అవసరము తగ్గినది. సరఫరా ఆగినప్పుడు మోటారుపై చేయి పెట్టినవానికి, సరఫరా తిరిగి రాగానే దానంతట అది తిరుగుట మృత్యువు కావచ్చును. స్టార్టరు ముందు పొడి చెక్కపలక వేసి దానిపై నిలిచి మీట నొక్కుట మంచి అలవాటు. ఎవరికైన కరెంటు తగిలినచో మొదట మీట ఆపుడు. అది వీలుకానిచో పొడి కర్రతో తీగను దూరము చేయుడు. వట్టి చేతితో పట్టిన రెండవ ప్రాణమును పోవును.

కడపట దొంగల సంగతి. వరి పొట్టకు వచ్చిన వారములో మోటారు పోయినచో నష్టము మోటారు ఖరీదుతో ఆగదు. క్రొత్తది తెచ్చి దించు లోపల మడి నెఱ్ఱెలు విచ్చును. ఆ కోపముతో కొందరు మోటారు చుట్టును కరెంటు తీగ పెట్టుచున్నారు. అడవిపందుల కొరకును పెట్టుచున్నారు. ఆ తీగకు దొంగ యెవరో, తెల్లవారుజామున నీరు కట్టుటకు వచ్చిన పొరుగు రైతు యెవరో, మన ఇంటి బిడ్డ యెవరో తెలియదు. ఇది చట్టరీత్యా నేరము, మనస్సాక్షికి అంతకు మించిన నేరము.

దీనికి మారుగా చేయదగిన పనులు కలవు. మోటారు పాదపు దళసరి భాగమున అక్షరపు పంచీలతో ఇంటిపేరు, ఊరిపేరు రెండు చోట్ల కొట్టింపుడు. ఒకటి కనబడుచోట, ఒకటి కనబడనిచోట. పలుచని పోత ఇనుముపై కొట్టిన బీటవారును, జాగ్రత్త. మోటారు సంఖ్యను, కొన్న రసీదును, ఒక ఛాయాచిత్రమును ఇంటిలో భద్రపరచుడు. నాలుగు బోల్టులలో రెండింటికి బిగించిన పిమ్మట చిన్న వెల్డింగు చుక్క పెట్టింపుడు. అయితే వెల్డింగునకు ముందు మోటారు తీగలన్నియు విప్పవలెను, లేనిచో లోపలి చుట్లు చెడవచ్చును. రాత్రివేళ కారణము లేకుండ పొలము వైపు కరెంటు పోయినచో నలుగురు కలసి దీపములతో పోయి దూరమునుండి చూచుట మంచిది. ట్రాన్సుఫార్మరులోని రాగి చుట్లకై వచ్చువారు ముందుగా సరఫరానే ఆపుదురు. దొంగలు కనబడినచో ఎదురుపడక 100కు ఫోను చేయుడు. మరియొక మాట. రసీదు లేని చవక మోటారు కొనువాడు లేనినాడు మోటారు దొంగయు ఉండడు.

ఇవి గొప్ప ఆవిష్కారములు కావని మేమెరుగుదుము. అయినను ఆవిష్కారములు ఎట్లు పుట్టునో తలచుకొందము. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము ఇంజనీరింగు చదివినవాడు కాదు. చీర కొరకు ఆసు పోయుచు తల్లి పడిన భుజముల నొప్పిని చూడలేక ఆసు యంత్రమును చేసెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. మొదట ఆయన చూచినది యంత్రమును కాదు, మనిషి నొప్పిని. ఆ చూపు మన కమ్మరి కొలిమి వద్దను, మన గానుగ వద్దను ఉన్నచో చాలును.

పని లేని ఒక వేసవి దినమున ఇంటివారందరును కలసి యంత్రముల చుట్టు ఒకసారి తిరుగుడు. ఇంటి ఇల్లాలిని, పెద్దపిల్లలను వెంట తీసికొనుడు. కొంగు ఎక్కడ చిక్కునో ఆమెకు మనకంటె బాగుగ తెలియును. మూత లేనిచోటనెల్ల సుద్దతో ఒక గీత గీయుడు. తొలకరి చినుకు పడునాటికి ఆ గీతలన్నియు చెరిగిపోవునట్లు చూచుకొనుడు. పంట చేతికి వచ్చునాటికి ఆ చేతులు పదియును క్షేమముగా ఉండవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.