బ్యాంకు అప్పు, బావిలోని నీరు



నేడు బ్యాంకులను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. వడ్డీ లెక్కలు మీకు నాకంటె బాగుగా తెలియును. వాటి జోలికి పోను. బ్యాంకులో ఉద్యోగులు ఎట్టి కట్టుబాటునకు లోబడి పనిచేయుదురు, ఆ కట్టుబాటు చెడినచో మన పొలముక్రింది నీటికి ఏమి సంభవించును అనునదే నేటి ప్రస్తావన.

1923వ సంవత్సరమున బందరులో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. పేరు పోయినను పని పోలేదు. ఒకరు దాచుకొన్న సొమ్మును వేరొకరికి అప్పిచ్చుటయే ఆ పని. బల్లవెనుక కూర్చుండిన ఉద్యోగి పంచుచున్నది తన సొమ్ము కాదు. అది పొరుగూరి బడిపంతులు తన పింఛనులో మిగిల్చిన సొమ్ము కావచ్చును. కావున ఆ ఉద్యోగి తీసికొనునట్టివానికిని దాచుకొన్నవానికిని కూడ జవాబుదారి.

ఈ జవాబుదారీతనము ఎట్లు చెడునో అమెరికాలో వెల్స్ ఫార్గో అను పెద్ద బ్యాంకు చరిత్ర చూపుచున్నది. ఒక్కొక్క ఖాతాదారునకు ఎనిమిదేసి సేవలు అమ్మవలెనని పైవారు లక్ష్యము విధించిరి. లక్ష్యము చేరినవారికి బహుమతి, చేరనివారికి మందలింపు. ఉద్యోగులు ఏమి చేయుదురు? ఖాతాదారులకు తెలియకుండగనే వారి పేర ఖాతాలు తెరచిరి. అట్టివి 20 లక్షలదాక ఉండవచ్చునని 2016 సెప్టెంబరులో అధికారులు ప్రకటించి, 18 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించునట్లు చేసిరి. కొన్ని సంవత్సరములలో సుమారు 5,300 మందిని ఉద్యోగములనుండి తొలగించితిమని బ్యాంకు చెప్పినది. వారిలో చిన్న ఉద్యోగులే హెచ్చు. లక్ష్యము వ్రాసిన చేయి వేరు, శిక్ష పడిన మెడ వేరు.

అంతదూరము పోనేల? 2010లో మన రాష్ట్రమున సూక్ష్మ ఋణ సంస్థల సంగతి మీ కందరకు జ్ఞాపకముండును. ఎంత ఎక్కువమందికి అప్పు అంటగట్టి, ఎంత తప్పక వసూలు చేసిన అంత మెప్పు అను పద్ధతి ఆ సంస్థల పనివారిలో ప్రబలెను. ఒకే ఇల్లాలికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చెను. వారము వారము గుమ్మమున నిలిచి నలుగురిలో అవమానించుటయు, ఆత్మహత్యల వార్తలును విని, ప్రభుత్వము ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చెను. వాయిదాలు నెలకొకసారియే వసూలు చేయవలెననియు, ఇంటికి పోక పంచాయతీ కార్యాలయము వంటి బహిరంగ స్థలమున పుచ్చుకొనవలెననియు అందు విధించిరి. దానితో వసూళ్లు కూలిపోయెను. వానితోబాటు క్రొత్త అప్పును దుర్లభమై, పెక్కుమంది తిరిగి షావుకారు అరుగెక్కవలసివచ్చెను. చెడ్డ నడవడికి మూల్యము చివరకు చెల్లించినది ఆ ఇల్లాలే.

ఇక నీటి మాట. అప్పు వ్యవహారమున ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు అని ఇద్దరినే మనము లెక్కింతుము. మూడవ పక్షముగ భూమి యున్నది. బ్యాంకు కాగితముపై దానికి సంతకము లేదు.

అనంతపురము, మహబూబ్‌నగరము, నల్లగొండ వంటి రాతినేలలలో నీరు చెరువువలె ఒక్కచోట నిలిచియుండదు. రాతి పగుళ్లలోనే యుండును. నా పొలములో వేసిన బోరు మీ బావినీటిని లాగికొనవచ్చును. బ్యాంకు నాకు పత్రములన్నియు సరిచూచి అప్పిచ్చినను, మీ బావి యెండినచో ఆ నష్టము ఏ లెక్కలోను ఎక్కదు. అందుచేతనే బావికిని బావికిని మధ్య ఇంత దూరముండవలెననియు, నీరు మితిమీరి తోడినచోట క్రొత్త బావులకు అప్పు ఈయరాదనియు నాబార్డు నియమములు చేసినది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టమును త్రాగునీటి బావుల చేరువ క్రొత్త బావులను నిషేధించినది.

నియమములు మంచివే. కాని బ్యాంకు కాదన్నంతమాత్రమున రైతు మానుకొనెనా? వడ్డీ వ్యాపారియొద్ద అధిక వడ్డీకి తెచ్చి రెండవ బోరు, మూడవ బోరు వేసెను. కాదని చెప్పుటతో బ్యాంకు ధర్మము తీరదని నా అభిప్రాయము. ఏ పంటకు అప్పిచ్చిన ఆ నీటితో సరిపోవునో చూచి చెప్పగల అధికారి పొలమునకు రావలెను. బీమా పాలసీల లక్ష్యమునకై రోజంతయు తరుముకొనిపోవు ఉద్యోగికి పొలము చూచు తీరిక ఎక్కడిది? (అప్పు కావలెనన్న పాలసీ కొనితీరవలెనని ఎవరైన నిర్బంధించిన, అది నియమవిరుద్ధమని తెలియునది.)

చూడదలచినవారికి దారి యున్నది. 2003 మొదలు కొన్ని సంవత్సరములు, నాటి రాష్ట్రములోని ఏడు కరువు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే వానను కొలిచి, బావుల నీటిమట్టమును కొలిచి, రబీకి ముందు ఊరంతయు కూర్చుండి నీటి పద్దు వేసికొనిరి. ఇంత నీరున్నది, వరి ఇంత త్రాగును, సెనగ ఇంత త్రాగును అని గోడమీద వ్రాసికొనిరి. అట్టి పద్దు ఊరిలోనున్న బ్యాంకు అధికారికి అంతకంటె మంచి హామీపత్రము వేరొకటి యుండదు.

ఇటీవల సౌర పంపులకు అప్పులిచ్చుచున్నారు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కుసుమ్ పథకము క్రింద ఖర్చులో చెరి 30 పాళ్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు భరించునట్లు ఏర్పాటు చేసిరి. తక్కిన 40 పాళ్లు రైతువి, అందులో 30 వరకు బ్యాంకు అప్పుగ ఈయవచ్చునని నిర్ణయించిరి. పొగలేని యంత్రము, మంచిదే. కాని సూర్యుడు బిల్లు పంపడు. నీరు తక్కువైన ఊరిలో పగలంతయు పంపు నడచిన బావి గతి యేమి? బిందుసేద్యముతో జతచేసి, ఎకరములు పెంచనని మాట పుచ్చుకొని యిచ్చిన అప్పే పర్యావరణమునకు మేలుచేయు అప్పు.

2023 జూన్ 1 నుండి రిజర్వు బ్యాంకు హరిత డిపాజిట్లకు కట్టుబాటు పెట్టినది. ఆ పేర పుచ్చుకొన్న సొమ్ము ఎక్కడ పెట్టిరో బ్యాంకు ఏటేట బయటివారిచే తనిఖీ చేయించి ప్రకటింపవలెను. మీ సొమ్ము అందు వేయమని ఎవరైన అడిగిన, ఆ నివేదికను చూపుమనుడు. బ్యాంకు వలన అన్యాయము జరిగినదని తోచినచో ముందు ఆ బ్యాంకునకే వ్రాసి, ముప్పది దినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తిగ లేకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. అందుకు రుసుము లేదు. సలహాకు 14448 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. ఫిర్యాదు తెలుగులో వ్రాసినను చెల్లును.