అన్నీ ఆమే, ఏదీ ఆమె కాదు



అమెరికా ఫోటోగ్రాఫర్ సిండీ షెర్మన్ 1977 నుంచి 1980 దాకా నలుపు తెలుపు ఫోటోల వరుస ఒకటి తీశారు. అన్నిటిలోనూ కనిపించేది ఆమే. ఒకదాంట్లో వంటింట్లో ఇల్లాలు, ఇంకోదాంట్లో మహానగరపు మేడల మధ్య బెదురు చూపుల యువతి. మరోదాంట్లో పెట్టె పక్కన పెట్టుకుని, రోడ్డువైపు తిరిగి నిలబడిన అమ్మాయి; ముఖమే కనిపించదు. విగ్గు, మేకప్, దుస్తులు, వెలుతురు, కెమెరా కోణం: ఇంతే సరంజామా. ఎప్పుడో చూసిన సినిమా స్టిల్ అనిపిస్తుంది గానీ, అలాంటి సినిమా ఎక్కడా లేదు. ఫోటోలకు పేర్లూ లేవు, అంకెలే. ఇవి స్వీయచిత్రాలు కావంటారు షెర్మన్.

మరి అసలు మనిషి ఏది?

డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లాండ్ తత్త్వవేత్త 1739లోనే ఈ చిక్కు ముడి పట్టుకున్నాడు. లోపలికి ఎంత తొంగిచూసినా వేడో చలో, ప్రేమో ద్వేషమో తగులుతాయి తప్ప ‘నేను’ విడిగా దొరకదన్నాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు, ‘మిళిందపన్హ’ అనే బౌద్ధ గ్రంథంలో భిక్షువు నాగసేనుడు మిళింద రాజునే నిలదీశాడు: చక్రమా రథం? ఇరుసా రథం? అన్నీ కలిసినప్పుడు పిలుచుకునే పేరే రథం. నాగసేనుడన్నదీ అలాంటి పేరే అని తేల్చాడు.

మన గుర్తింపు కార్డుల సంగతి సరేసరి. మనమే పోల్చుకోలేని ఫోటో మనకు రుజువు!

హ్యూమ్ వాదించి చెప్పినదాన్ని షెర్మన్ కంటికి చూపించారని నా అభిప్రాయం. ఆ వరుస మొత్తాన్నీ 1995లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ కొనుగోలు చేసింది.