ఖప్లీ గోధుమ పాతదే, కానీ అందులో గ్లూటెన్ ఉంది

పెందుర్తి నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో ఖప్లీ గోధుమ గురించి చెప్పుకుందాం. ఫోన్ తెరిస్తే చాలు, "ప్రాచీన ధాన్యం, గ్లూటెన్ లేదు, షుగర్ పెరగదు" అని రీల్స్ వస్తున్నాయి కదా! వీటిలో మొదటి మాట ఒక్కటే నిజం.

దీని శాస్త్రీయ నామం ట్రిటికమ్ డైకాకమ్. పశ్చిమాసియాలో సుమారు 10,000 ఏళ్ల కిందటే సాగు మొదలైంది. మహారాష్ట్రలో ఖప్లీ అంటారు, కర్ణాటకలో జవె గోధి, తమిళనాడులో సాంబ గోధుమ. సాంగ్లీ, బెళగావి వైపు నవంబరులో విత్తి, మార్చి ప్రాంతంలో కోస్తారు. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం డీడీకే 1025, డీడీకే 1029 లాంటి రకాలు ఇచ్చింది. తుప్పు తెగుళ్లను బాగా తట్టుకుంటుంది.

మరి ధర ఎందుకంత ఎక్కువ? మన వడ్లు గుర్తుచేసుకోండి. నూర్చాక కూడా ఊక వదలదు, మిల్లుకు వెయ్యాలి. ఖప్లీ కూడా అంతే. మామూలు గోధుమైతే నూర్చగానే గింజ బయటికొచ్చేస్తుంది. ఆ అదనపు పని ఖర్చు కూడా ధరలో కలుస్తుంది.

వంటకి మంచిదే. రవ్వతో ఉప్మా, పాయసం బాగా కుదురుతాయి. గింజలు వండాలంటే రాత్రే నానబెట్టండి. పిండి అంతగా సాగదు కాబట్టి, గోరువెచ్చని నీళ్లతో కలిపి అరగంట ఆగి చపాతీ చెయ్యండి.

ఇప్పుడు అసలు విషయం. పిండి తక్కువ సాగుతుందంటే గ్లూటెన్ లేదని కాదు, ఉన్న గ్లూటెన్ బలహీనంగా ఉందని. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు దీన్ని అస్సలు తినకూడదు. వాళ్లకి కొంచెం తిన్నా చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. మీ ఇంట్లో పిల్లలకి తరచూ విరేచనాలు, రక్తహీనత, ఎదుగుదల లేకపోవడం ఉంటే డాక్టర్‌కి చూపించండి. ఇంకో మాట: రక్తపరీక్ష చేయించకముందే గోధుమ మానెయ్యకండి. మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు.

షుగర్ ఉన్నవాళ్లకీ ఇది మందు కాదు. ఇందులోనూ పిండిపదార్థమే ఎక్కువ. ఎన్ని చపాతీలన్నది లెక్క చూసుకోవాల్సిందే. మాత్రలు మీ అంతట మీరు మానకండి.

గోధుమకి చల్లని శీతాకాలం కావాలి. మన విశాఖ తీరం దానికి అనువు కాదు. కానీ మన ఉత్తరాంధ్ర చోళ్లున్నాయిగా! వాటిలో సహజంగానే గ్లూటెన్ ఉండదు. 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లు మాత్రం చోళ్లని గోధుమ ఆడిన మరలో ఆడించకండి, ఆ పిండి కలిసిపోతుంది.

ఖప్లీ రుచి నచ్చితే హాయిగా తినండి. గ్లూటెన్ పడనివాళ్లకి మాత్రం పెట్టకండి. ఆ రీల్ ఎవరైనా మీకు పంపితే, ఈ మాట వాళ్లకి తిరిగి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.