సిలువ చిత్రములు – యథార్థము



సిలువపై నున్న క్రీస్తు రూపము జగత్ప్రసిద్ధము. చాచిన బాహువులు, అరచేతులలో మేకులు, ఒకదానిపై నొకటిగా నుంచి ఒకే మేకుతో బిగించిన పాదములు, నడుమునకు వస్త్రము – సామాన్యముగా పటములలో కానవచ్చు ఆకృతి యిది. ప్రాచీన రోమకులు విధించిన శిక్ష నిజముగా ఇట్లే యుండెనా యనునది నేటి ప్రసంగ విషయము.

ఈ శిక్ష ముఖ్యముగా బానిసలకును, తిరుగుబాటుదారులకును విధింపబడుచుండెను. స్పార్టకస్ నాయకత్వమున చెలరేగిన బానిసల తిరుగుబాటు క్రీ.పూ. 71లో అణచివేయబడిన పిమ్మట, పట్టుబడిన 6,000 మందిని కాపువా నుండి రోము వరకు బాట పొడవునను సిలువ వేసిరని చరిత్రకారుడగు అప్పియన్ వ్రాసెను. ప్రాణము తీయుట మాత్రమే దాని యుద్దేశము కాదు, చూచినవారు భయపడవలెను. అందుచే దోషిని వివస్త్రుని జేయుట పరిపాటి. చిత్రకారులు మర్యాదకై వస్త్రమును చేర్చిరి.

ఆశ్చర్యకరమైన విషయ మేమనగా, ఈ శిక్షను కన్నులార చూచిన తరములవారు దానిని దాదాపు చిత్రింపనే లేదు. రోములోని పాలటైన్ కొండపై 1857లో బయల్పడిన గోడగీత నేడు లభించుచున్న అతి ప్రాచీన రూపములలో నొకటి. అందు సిలువపై గాడిదతల గల మనుష్యుడు, చెంత చేయెత్తి కొలుచు వేరొకడు కలరు. అది భక్తుని చిత్రము కాదు. భక్తుని గేలిచేసిన గీత.

నాలుగవ శతాబ్దిలో క్రైస్తవమునకు రాజాదరణ లభించెను. ఆ శిక్షయు అంతరించెను. క్రీ.శ. 430 ప్రాంతమున రోములోని సాంతా సబీనా దేవాలయపు కొయ్య తలుపుపై ఈ దృశ్యము చెక్కబడెను. అందు క్రీస్తు కన్నులు తెరచి, బాధ యెరుగనివానివలె నిలిచియున్నాడు. చూచినవారు చిత్రింపలేదు, చిత్రించినవారు చూడలేదు.

బాధ చిత్రమున కెక్కుటకు శతాబ్దులు పట్టెను. 1512–1516 నడుమ గ్రూనెవాల్డ్ అను జర్మను చిత్రకారుడు ఇసెన్‌హైమ్ మఠమునకై ఒక మహాచిత్రమును రచించెను. విషపు బూజు పట్టిన ధాన్యము తినుటచే కలుగు ఘోరవ్యాధికి ఆ మఠమున చికిత్స జరుగుచుండెను. చిత్రములోని క్రీస్తు దేహమంతయు వ్రణములు, వ్రేళ్లు కొంకర్లు పోయినవి. ఆ రోగులు తమ శరీరమునే అచట చూచికొనిరనుటలో అతిశయోక్తి లేదు. నేడది కొల్మార్ నగరపు ప్రదర్శనశాలలో నున్నది. 1632 ప్రాంతమున స్పెయిన్ దేశీయుడగు వెలాస్క్వెజ్ పాదములను వేర్వేరుగా, రెండు మేకులతో చిత్రించెను. అతని క్రీస్తు మాత్రము నిద్రించువానివలె ప్రశాంతుడు.

1968లో యెరూషలేము చెంత ఒక సమాధిలో దొరకిన మడమ యెముక ఈ చర్చకు క్రొత్త సాక్ష్యమయ్యెను. సుమారు 11.5 సెంటీమీటర్ల మేకు దానికి ప్రక్కగా దిగియుండెను. పాదములు స్తంభమునకు చెరియొక ప్రక్క నుంచబడెనని 1985లో పునఃపరిశీలించిన పండితులు నిర్ణయించిరి. చేతుల యెముకలపై మేకుల జాడ వారికి కానరాలేదు. ఆ చేతులు త్రాళ్లతో కట్టబడి యుండవచ్చును. మేకు మొన వంగిపోయినందున దానిని పెరికివేయుట సాధ్యము కాలేదు. బంధువులు దానితోనే ఎముకలను భద్రపరచిరి. ఆ పేటికపై అతని పేరు కలదు – యెహోహానన్. 2017లో ఇంగ్లండులోని ఫెన్‌స్టాంటన్ గ్రామమునను మేకు దిగిన మడమ యొకటి లభించెను.

ఈ సాక్ష్యమును బట్టి చూడగా, మేకుల స్థానమును గూర్చి చిత్రకారులలో అనేకులు పొరపడిరి. గ్రూనెవాల్డ్ సహితము ఒకే మేకుతో రెండు పాదములను బిగించెను. కాని ఆ శిక్ష మనుష్యుని దేహమునకు చేయు అపకారమును అతడు దాచలేదు. అందమైన చిత్రము లెన్నియో దానిని మరపింపజేసినవి.

రోము బాటపై మరణించిన ఆ 6,000 మందిలో ఏ ఒక్కని పేరును చిత్రమున కెక్కలేదు. సిలువ చిత్రమును తిలకించునప్పుడు శిల్ప సౌందర్యముతో పాటు వారిని గూడ స్మరించుట సముచితము.