నిల్వపెట్టెకు నిలకడైన చిరునామా



కేంద్రం ఎక్కడ పలుకుతుందో తెలియకపోతే ఎంత చక్కని పాటైనా మనకు లేనట్టే. ఈ సంగతి రేడియో వినేవారికి ఒకరు చెప్పనక్కరలేదు. విజయవాడ 837 కిలోహెర్ట్‌జ్ మీద వస్తుందని గుర్తుంచుకొని, చీకటిలో సైతం ముల్లును సరిగ్గా అక్కడికి తిప్పగలిగిన పెద్దలు మన ఇళ్ళలో ఎందరో ఉండేవారు. ఆ అంకె వారానికొక తీరుగా మారి ఉంటే వారేమి చేయగలిగేవారు? ఈనాడు మన ఇళ్ళలోనికి వస్తున్న ఫైళ్ళ నిల్వ సర్వర్ విషయంలో సాధారణంగా జరిగే మొదటి పొరపాటు ఇదే. నేనూ చేశాను. ముందుగా ఆ కథ మనవి చేస్తాను.

1989 నవంబరు 8, 9 తేదీల నడిమి రాత్రి కావలి సమీపాన ఒక పెనుతుపాను తీరం దాటినది. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, మలయా ద్వీపకల్పాన్ని దాటి, బంగాళాఖాతమంతా నడచి మన నెల్లూరు తీరానికి వచ్చినదది. అప్పటికి నేను చిన్నపిల్లవాడిని. ఉద్యోగంలో చేరిన తరువాత, ఒక సెలవునాడు, నా సొంత ఆసక్తి కొద్దీ, ఒక పట్టపుపాలెంలో ఆ రాత్రిని చూచిన పెద్దాయన మాటలు గంటసేపు రికార్డు చేశాను. పడవను ఎట్లా కట్టినారో, గాలి దిశ మారినప్పుడు పిల్లలను ఎక్కడికి చేర్చినారో, అన్నీ చెప్పినారు. చివరకు, "అయ్యా, ఈ మాటలు మా మనవడు పెద్దయినాక వింటాడా?" అని అడిగినారు. వింటాడని మాట ఇచ్చాను.

ఆ రికార్డింగును, అటువంటి మరికొన్నిటిని ఇంట్లో ఒక నిల్వ సర్వర్‌లో దాచాను. సర్వర్ అనగానే గది నిండే యంత్రమని భయపడవద్దు. రెండు నిఘంటువులు పక్కపక్కన పెట్టినంత పెట్టె. లోపల రెండు హార్డ్ డిస్కులు. ఒకదానిపై వ్రాసినదే రెండవదానిపైనా పడుతుంది. వెనుకనుంచి ఒక కేబుల్ ఇంటి రౌటర్‌కు పోతుంది. తగిలించాను, పనిచేసినది, సంతోషించాను. చిరునామా సంగతి రౌటర్‌కే వదిలివేశాను.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపాన తీరం దాటినది. మా ఇంట కరెంటు పోయినది, కొంతకాలానికి వచ్చినది. ఆ తరువాత కొద్ది రోజులకే పెద్దాయన మనవడు ఫోను చేశాడు. "తాత పోయినాడు సార్. రేపు ఉత్తరక్రియలు. ఆయన గొంతు అందరికీ వినిపించాలి" అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పెట్టె మీద దీపం వెలుగుతున్నది. డిస్కులు తిరిగే చప్పుడు వినబడుతున్నది. పెట్టె మాత్రం పలుకలేదు. డిస్కులు చెడినవనే అర్ధరాత్రి వరకు అనుకున్నాను. ఉత్తరక్రియలు ఆ గొంతు లేకుండానే జరిగిపోయినవి. మరునాటి సాయంకాలం, పక్కింటి ఇంజనీరింగు విద్యార్థి వచ్చి, రౌటర్ పేజీలోని పట్టిక తెరిచి, ఐదు నిమిషాలలో చెప్పినాడు: "పెట్టెకేమీ కాలేదు అంకుల్. దాని అడ్రసు మారింది. పాత అడ్రసు మీ టీవీకి పోయింది."

ఇట్లా ఎందుకు జరుగుతుంది? నెట్‌వర్క్‌లోని ప్రతి పరికరానికీ నాలుగు అంకెలతో కూడిన ఐ.పి. అడ్రసు ఉంటుంది. ఒక్కొక్క అంకె 0 నుంచి 255 వరకు. ఈ లెక్కన లోకం మొత్తానికి దాదాపు 429 కోట్ల అడ్రసులే వస్తవి, అవి చాలవు. అందుచేత 1996లో వ్రాసుకున్న నియమాల ప్రకారం 192.168తో మొదలయ్యేవాటిని, మరి రెండు వరుసలను, ఇళ్ళ లోపల, కార్యాలయాల లోపల ఎవరైనా వాడుకొనవచ్చునని విడిచిపెట్టినారు. ఇంట్లో వీటిని పంచిపెట్టే పని రౌటర్‌ది. అది ఇచ్చేది కౌలుకు మాత్రమే, శాశ్వతంగా కాదు. చాలా రౌటర్లు కరెంటు పోతే ఎవరికేమి ఇచ్చినవో మరచిపోతవి. కరెంటు రాగానే ఎవరు ముందు అడిగితే వారికి ఇస్తవి. ఫోనుకు ఇది బాధ కాదు. ఫోనును వెదుక్కుంటూ ఎవరూ పోరు. పడవ ఇసుకలో ఎక్కడ ఆగినా పరవాలేదు, కృష్ణపట్నం దీపస్తంభం మాత్రం ఉన్నచోటనే ఉండవలె గదా!

అందుచేత పెట్టె కొన్ననాడే దానికి స్థిరమైన అడ్రసు ఇవ్వండి. ముందుగా రౌటర్ పేజీ తెరచి, అది ఏ అంకె నుంచి ఏ అంకె వరకు పంచుతున్నదో చూడండి. 100 నుంచి 200 వరకు అనుకుందాము. అప్పుడు మీ పెట్టెకు ఆ హద్దుకు వెలుపల, 192.168.1.20 వంటిది ఇవ్వండి. హద్దులోపలిదే ఇస్తే, ఒకనాడు రౌటర్ దానినే మరొకరికి ఇవ్వవచ్చును. ఒకే మీటరు మీద రెండు కేంద్రాలు పలికితే ఈల తప్ప ఏమి వినబడుతుంది? ఇదీ అంతే.

సబ్‌నెట్ మాస్క్ అనే గడిలో 255.255.255.0 అని ఉంటుంది. మొదటి మూడంకెలు వీధి, నాలుగవది ఇంటి నంబరు అని దాని అర్థం. గేట్‌వే గడిలో రౌటర్ అడ్రసు వ్రాయండి. డి.ఎన్.ఎస్. గడిలోనూ అదే చాలును. ఈ రెండూ తప్పినా ఇంట్లో పెట్టె పనిచేస్తుంది గనుక తప్పు పట్టుబడదు. కాని అది బయటనుంచి సరియైన కాలాన్నీ, మరమ్మతు ప్రోగ్రాములనూ తెచ్చుకొనలేదు. గడియారం తప్పిన పెట్టె నిన్నటి ఫోటోకు 1970 తేదీ వేసిన సందర్భాలు కూడా కలవు.

ఇక్కడ కొత్తవారు బెదిరే ఘట్టం ఒకటున్నది. అడ్రసు మార్చి సేవ్ నొక్కగానే తెర నిలిచిపోతుంది. ఏమీ చెడలేదు. పెట్టె కొత్త ఇంటికి పోయినది, మీరు పాత తలుపు తడుతున్నారు. కొత్త అడ్రసు కొట్టండి. ఒకవేళ అడ్రసు తనంతట తాను 169.254తో మొదలయితే, పెట్టెకు రౌటర్ మాట వినబడలేదన్నమాట, కేబుల్ చూడండి.

పెట్టెతో వచ్చిన సంకేతపదాన్ని ఆనాడే మార్చండి. దూరానున్న పిల్లలు ఫోటోలు చూడగోరితే, రౌటర్‌లో ఫైళ్ళ ద్వారాన్ని బయటకు తెరువవద్దు. 2017 మే 12న వనాక్రై అనే పీడ లోకమంతా పాకినప్పుడు మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కినవి. అది ప్రవేశించినది ఫైళ్ళు పంచుకొనే పాత పద్ధతిలోని లోపం గుండానే. ఆ పాత పద్ధతి మీ పెట్టెలో తెరచి ఉంటే మూసివేయండి.

అన్నీ అయిన తరువాత కరెంటు పోయినట్టు నటించండి. పెట్టెను దాని పేజీలోనుంచే ఆపి, రౌటర్‌ను కట్టి, రెంటినీ మరల వేసి, పాత అడ్రసుననే పలుకుతున్నదో లేదో చూడండి. ఈ పరీక్ష నేను చేసి ఉంటే ఆ రాత్రి కథ వేరుగా ఉండేది. అడ్రసును కాగితం మీద వ్రాసి బీరువా తలుపు లోపల అంటించండి. కంప్యూటర్‌లో వ్రాసుకున్నవారిని ఎరుగుదును. పెట్టెలోనే వ్రాసి దాచినవారినీ ఎరుగుదును!

ఆ మనవడు తరువాతి ఆదివారం మా ఇంటికి వచ్చినాడు. పెట్టె అప్పటికి 20వ నంబరున స్థిరపడినది. తాత మాటలు గంటసేపు విన్నాడు. గాలి దిశ మారిన చోటు వచ్చినప్పుడు చేయెత్తి ఆపి, "అది మళ్ళీ వేయండి సార్" అన్నాడు.