లీవ్ అంటే వెళ్లడమా, వదలడమా, సెలవా? ఒక్క ఇంగ్లిష్ వెర్బ్‌కి ఇన్ని అర్థాలా!

ఈ ఎపిసోడ్‌లో మనం రోజూ వాడే ఒక చిన్న ఇంగ్లిష్ వెర్బ్ గురించి మాట్లాడుకుందాం. అదే లీవ్. ఇదేముందిలే, ఐదో క్లాసులోనే నేర్చుకున్నాం అనుకోకండి. మేనేజర్‌కి మెసేజ్ పెట్టేటప్పుడు ఈ మాట కొంచెం అటూ ఇటూ అయిందంటే, ఒక్కరోజు సెలవు కావాలన్న మనిషి ఉద్యోగమే మానేస్తున్నాడని అవతలివాళ్లు అనుకోవచ్చు.

ఎలాగంటారా? ఈ రెండు వాక్యాలు చూడండి.

ఐ విల్ బి ఆన్ లీవ్ టుమారో. రేపు నేను సెలవులో ఉంటాను.

ఐ యామ్ లీవింగ్ టుమారో. రేపు నేను వెళ్లిపోతున్నాను.

మొదటిదాంట్లో లీవ్ నౌన్, అంటే సెలవు. రెండోదాంట్లో వెర్బ్. ఆఫీసు విషయం మాట్లాడుతూ రెండో వాక్యం అంటే, రేపే ఆఖరి రోజు అన్నట్టు వినిపిస్తుంది. కాబట్టి సెలవు అడిగేటప్పుడు ఆన్ లీవ్ అనండి, లేదా టేక్ లీవ్ అనండి. లీవింగ్ మాత్రం వద్దు.

నిజానికి ఈ రెండు లీవ్‌లూ పుట్టుకలోనే వేరు. పాత ఇంగ్లిష్‌లో అనుమతి అనే అర్థంతో ఒక మాట ఉండేది. ఉండనివ్వడం, మిగల్చడం అనే అర్థంతో ఇంకో మాట ఉండేది. కాలక్రమంలో రెండూ ఒకే స్పెల్లింగ్‌లోకి, ఒకే పలుకుబడిలోకి వచ్చేశాయి. సెలవు అనే అర్థం ఆ అనుమతి నుంచే వచ్చింది. మన తెలుగులోనూ చూడండి, బడికి సెలవు అంటాం, ఇక సెలవిప్పించండి అనీ అంటాం. రెండోదాంట్లో సెలవంటే వెళ్లడానికి అనుమతే కదా!

ఇప్పుడు వెర్బ్ దగ్గరికి వద్దాం. దీని రూపాలు లీవ్, లెఫ్ట్, లెఫ్ట్, లీవింగ్. లీవ్డ్ అని ఎప్పుడూ అనొద్దు. పలికేటప్పుడు లీ దీర్ఘంగా పలకాలి. హ్రస్వంగా లివ్ అంటే నివసించడం. ఐ లివ్ ఇన్ విజయవాడ అంటే నేను విజయవాడలో ఉంటున్నాను. ఇంటర్వ్యూలో అక్కడ లీవ్ అన్నారనుకోండి, అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు.

ఇక అసలు కిటుకు. లీవ్ కనపడగానే వదలడం అని అర్థం చెప్పుకోవద్దు. దాని తర్వాత ఏ మాట వచ్చిందో చూడండి. అర్థం అక్కడే ఉంటుంది.

ఒకటి. లీవ్ తర్వాత నేరుగా ఊరు పేరు వస్తే, ఆ ఊరి నుంచి బయల్దేరడం. ఐ యామ్ లీవింగ్ హైదరాబాద్ అంటే హైదరాబాద్ నుంచి వెళ్తున్నాను.

రెండు. మధ్యలో ఫర్ వస్తే, ఆ ఊరికి బయల్దేరడం. ఐ యామ్ లీవింగ్ ఫర్ హైదరాబాద్ అంటే హైదరాబాద్‌కి వెళ్తున్నాను. ఒక్క ఫర్ మర్చిపోతే ప్రయాణం తలకిందులైపోతుంది! మీకోసం కాచిగూడ స్టేషన్‌కి రావాల్సిన ఫ్రెండ్, మీరు ఊళ్లోనే లేరనుకుని ఇంట్లో కూర్చుంటాడు. తెలుగులో కి అంటాం కాబట్టి చాలామంది లీవింగ్ టు అంటారు. అది కరెక్ట్ కాదు, ఫర్ అనాలి.

మూడు. వస్తువు పేరు, దాని తర్వాత చోటు వస్తే, ఆ వస్తువు అక్కడే ఉండిపోయిందని. ఐ లెఫ్ట్ మై హాల్‌టికెట్ ఎట్ హోమ్. హాల్‌టికెట్ ఇంట్లో మర్చిపోయి వచ్చాను. ఇక్కడ మనం ఫర్గాట్ అనేస్తుంటాం. ఎక్కడ మర్చిపోయామో చోటు చెప్తే లెఫ్ట్ అనడమే సరైనది. చోటు చెప్పకపోతే ఐ ఫర్గాట్ మై హాల్‌టికెట్ అనొచ్చు.

నాలుగు. మిగలడం. సెవెన్ మైనస్ త్రీ లీవ్స్ ఫోర్. ఏడులోంచి మూడు తీస్తే నాలుగు మిగులుతాయి. మిగిలిపోయిన అన్నం, కూరల్ని లెఫ్టోవర్స్ అనేది కూడా అందుకే.

ఐదు. అప్పగించడం. లీవ్ ఇట్ టు మి. ఆ పని నాకు వదిలెయ్, నేను చూసుకుంటా. ఇది మాత్రం అచ్చం మన తెలుగులాగే ఉంది కదా!

సరే, తెలుగులో వదలడం అనే ప్రతిచోటా ఇంగ్లిష్‌లో లీవ్ కుదురుతుందా? కుదరదు. అమ్మను హాస్పిటల్ దగ్గర వదిలాను అని చెప్పాలి. ఐ లెఫ్ట్ మై మదర్ ఎట్ ద హాస్పిటల్ అంటే, ఆవిణ్ని అక్కడే ఉంచేసి వచ్చేశారన్న అర్థం వస్తుంది. బండి మీద దింపి వచ్చామని చెప్పాలంటే ఐ డ్రాప్డ్ మై మదర్ ఎట్ ద హాస్పిటల్ అనాలి. అలాగే చెయ్యి వదులు అనడానికి లీవ్ మై హ్యాండ్ కాదు, లెట్ గో ఆఫ్ మై హ్యాండ్. సిగరెట్లు మానేశాడు అంటే హి క్విట్ స్మోకింగ్, లేదా హి గేవ్ అప్ స్మోకింగ్.

ఇప్పుడు సినానిమ్స్. అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకదాని చోట ఇంకోటి పెట్టలేం.

డిపార్ట్ అంటే బయల్దేరడం. రైళ్లు, విమానాల బోర్డుల మీద కనిపించే మాట. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మామూలుగా వాడం.

రిజైన్ అంటే రాజీనామా చేయడం. లెటర్లో ఇదే రాయండి. క్విట్ కూడా మానేయడమే, కానీ ఫ్రెండ్స్‌తో మాట్లాడేటప్పుడు బాగుంటుంది. రాజీనామా లెటర్లో దురుసుగా ఉంటుంది.

వెకేట్ అంటే ఖాళీ చేయడం. హాస్టల్ రూమ్, అద్దె ఇల్లు లాంటివాటికి.

అబాండన్ అంటే దిక్కు లేకుండా వదిలేసి పోవడం. చాలా బరువైన మాట. ఫోన్ ఇంట్లో మర్చిపోతే దీన్ని వాడకండి!

చివరగా మీకో చిన్న పరీక్ష. రేపు పొద్దున చెన్నైకి బయల్దేరుతున్నాను, తాళాలు పక్కింట్లో ఇచ్చి వెళ్తాను. ఈ వాక్యాన్ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్తారు? వీడియో పాజ్ చేసి, ఒకసారి పైకి చెప్పి చూడండి.

చెప్పారా? ఐ యామ్ లీవింగ్ ఫర్ చెన్నై టుమారో మార్నింగ్. ఐ విల్ లీవ్ ద కీస్ విత్ మై నైబర్. మొదటి లీవ్ తర్వాత ఫర్ వచ్చింది కాబట్టి ప్రయాణం. రెండోదాని తర్వాత తాళాలు వచ్చాయి కాబట్టి అవి పక్కింటివాళ్ల దగ్గర ఉంటాయి. వెర్బ్ ఒక్కటే, పక్కన వచ్చిన మాట మారింది, అంతే.

ఈరోజు నుంచి లీవ్ ఎక్కడ కనిపించినా, వినిపించినా తర్వాతి మాట దగ్గర ఒక్కసారి ఆగండి. ఆఫీసు మెసేజ్ అయితే పంపే ముందు ఇంకోసారి చదవండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో వెర్బ్‌తో కలుద్దాం. అప్పటిదాకా సెలవు!